సంస్కృతి – సమవాయం: కళ, విద్య, వాస్తువుల సాక్ష్యం

'సంస్కృతి' శబ్దం ప్రాచ్యకళాశాలల వారికి వ్యాకరణపాఠం నాటినుండీ పరిచితమే. 'సమ్' అనే ఉపసర్గ ముందుండగా 'కృ' ధాతువుకు అలంకరించుట అనే అర్థంలో సుట్ ఆగమం వస్తుందని విధించిన పాణిని మహర్షి, ఆ వెంటనే మరొక చిన్న సూత్రంతో సమవాయార్థంలో కూడ అది వస్తుందన్నాడు. సమవాయమంటే కూడిక. వేరువేరుగా ఉన్నవి ఒకచోట చేరడం. ఈ రెండు అర్థాలలో మొదటిదానిని మనం గట్టిగా పట్టుకొన్నాము. సంస్కృతి అనగానే గోపురం, గజ్జెల సవ్వడి, పద్యపఠనం మనసుకు వస్తాయి. అన్నీ భూషణాలే. రెండవ అర్థం మాత్రం సూత్రపాఠంలోనే ఉండిపోయింది. తెలుగువారి కళలు, కట్టడాలు, విద్యాసంస్థలు ఈ రెండవ అర్థానికి ఏ మేరకు సాక్ష్యమిస్తున్నాయో పరిశీలించి, ఆ సాక్ష్యాన్ని తరగతిగదిలోకి తేవలసిన బాధ్యత మనపై ఎంత ఉన్నదో మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రయత్నానికి ఒక విద్యార్థి ప్రశ్న కారణం. పొన్నెగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర'ను పరిచయం చేస్తూ, తత్సమాలను వర్జించి తద్భవ దేశ్యాలతోనే రచించిన తొలి అచ్చతెలుగు కావ్యమిదని చెప్పి, కృతిపతి పేరు అమీన్‌ఖాన్ అన్నాను. వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, "అచ్చతెలుగు కావ్యానికి కృతిపతి ముసల్మాను ఎట్లా అయ్యాడండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో ద్వేషం లేదు, ఆశ్చర్యమే ఉంది. రాజాశ్రయమనో, కాలధర్మమనో అప్పటికి ఏదో చెప్పి ముందుకు సాగాను. కాని ఆ ఆశ్చర్యానికి బాధ్యుడు ఆ విద్యార్థి కాడు. అతనికి అప్పటివరకు సాహిత్యచరిత్ర బోధించిన మేము బాధ్యులము.

తెలుగు సాహిత్యచరిత్రను మనం సాధారణంగా రాజధానుల వెంట నడిపిస్తాము. రాజమహేంద్రవరం, ఓరుగల్లు, కొండవీడు, విజయనగరం, ఆపైన తంజావూరు, మధుర. ఈ వరుసలో గోలకొండ ఒక పేరాతో ముగుస్తుంది. నిజానికి 16వ శతాబ్ది ఉత్తరార్ధంలో తెలుగు కావ్యానికి గోలకొండ ఒక ముఖ్యమైన ఆశ్రయం. ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) రాజ్యానికి రాకపూర్వం, తండ్రి హత్యానంతరం అన్న జంషీదుకు వెరచి, విజయనగరంలో అళియ రామరాయల వద్ద దాదాపు ఏడేండ్లు తలదాచుకొన్నాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం. యయాతి చరిత్రను అందుకొన్న అమీన్‌ఖాన్ ఆ ప్రభువు కొలువులోని వాడు, పటాన్‌చెరు ప్రాంతాధికారి. ఈ రెండు కావ్యాల కథలూ మహాభారత ఆదిపర్వంలోనివే. సంస్కృత పదాన్ని పక్కన పెట్టి తెలుగు మాటకు తనంతట తాను నిలువగల సత్తా ఉన్నదా అని తెలుగు కవి పరీక్షించుకొన్న కావ్యానికి కృతిభర్త ఒక తురుష్కాధికారి. తెలగనార్యుడు తత్సమాలను వెలివేయగలిగాడు గాని కృతిపతి పేరును వెలివేయలేదు, వెలివేయ దలచలేదు.

ఇక్కడితో ఆగితే కథ మధురంగా ఉంటుంది. అట్లా ఆగడం చరిత్రకు న్యాయం కాదు. రామరాయల ఇంట అతిథిగా ఉండిన ఇబ్రహీమే 1565లో ఇతర దక్కను సుల్తానులతో కలిసి ఆ రామరాయలపై యుద్ధానికి వెళ్ళాడు. రామరాయలు రణరంగంలో హతుడైనాడు. విజయనగరం కొల్లబడింది. ఆశ్రయం పొందినదీ నిజం, ఆశ్రయమిచ్చినవానిపై కత్తి దూసినదీ నిజం, తెలుగు కవిని పోషించినదీ నిజం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాచినా మిగిలిన రెండూ అబద్ధాలవుతాయి. కొందరు మొదటిదానిని, మూడవదానిని మాత్రమే చెప్పి మతసామరస్యమని మురిసిపోతారు. మరికొందరు రెండవదానిని మాత్రమే చెప్పి పగను పోషిస్తారు. ఇద్దరూ విద్యార్థిని అర్ధసత్యంతోనే ఇంటికి పంపుతున్నారు.

కావ్యం చెప్పినదే కట్టడమూ చెప్పుతుంది. హంపీలో నేడు కమలమహలు అని పిలుస్తున్న మండపాన్ని, దానికి చేరువలోని గజశాలలను చూసినవారికి, వాటి కోణాకారపు కమానులు, గుమ్మటాలు సుల్తానుల వాస్తువునుండి వచ్చినవని వేరుగా చెప్పనక్కరలేదు. దేవాలయాన్ని ద్రావిడశైలిలో నిర్మించిన స్థపతులున్న నగరమే రాచకొలువు కట్టడాలకు ఈ శైలిని స్వీకరించింది. వేషం విషయమూ అంతే. తిరుమలలో దేవేరులతో కూడ నిలిచి ఉన్న కృష్ణదేవరాయల విగ్రహానికి తలపై పొడవైన కుల్లాయి ఉంది. కర్ణాట ప్రభువు కొలువుకు వెళ్ళడానికి కుల్లాయి ధరించవలసి వచ్చిన పాట్లను శ్రీనాథుని చాటువు ఏకరువు పెట్టడం మనమంతా ఎరిగినదే. విజయనగర ప్రభువులు 14వ శతాబ్ది మధ్యనుండే 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదు ధరించారు. 'సుల్తాన్' శబ్దాన్ని సంస్కృతీకరిస్తే వచ్చినదే 'సురత్రాణ'. ఈ వేషాన్నీ బిరుదునూ కలిపి అధ్యయనం చేసిన ఫిలిప్ వాగనర్ 1996లో ప్రకటించిన వ్యాసం, విజయనగర రాజసభ తన ధర్మాన్ని విడువకుండానే ఒక విశాలమైన రాచమర్యాదా లోకంలో భాగం పంచుకొన్నదని నిరూపించింది. కృష్ణదేవరాయలకు 'యవనరాజ్య స్థాపనాచార్య' అనే బిరుదు ఉన్న సంగతిని కూడ ఇక్కడ స్మరింపవచ్చు. రాయల యుగాన్ని ఎంతో మక్కువతో బోధించే మనం ఈ కుల్లాయిని, ఈ బిరుదును ఎన్నిసార్లు విద్యార్థికి చూపించాము?

ఓరుగల్లు కోట ఇంతకంటె కఠినమైన పాఠం చెప్పుతుంది. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకొన్నప్పుడు కోట నడుమనున్న స్వయంభూదేవుని ఆలయం ధ్వంసమైంది. నాలుగు దిక్కుల తోరణాలు మాత్రం నిలిచాయి. ఇది గాయమే, దీనిని మరే పేరుతోను పిలువనక్కరలేదు. కాని ఆ గాయపు అంచున నిలిచిన తోరణం తరువాతి కాలంలో ఏమైనదో కూడ చూడాలి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన అధికారముద్రలో కాకతీయ తోరణాన్ని నిలిపి, దాని నడుమ 1591నాటి చార్మినారును ఉంచింది. ఆలయం పోయి మిగిలిన తోరణంలో కుతుబ్‌షాహీ కట్టడం ఒదిగింది. 2024లో ఈ ముద్రను మార్చాలన్న ప్రతిపాదన రాగా పెద్ద వివాదం చెలరేగి ఆ ప్రయత్నం వాయిదా పడింది. ఆ వివాదంలోని రాజకీయం మన చర్చకు విషయం కాదు. రెండు రాళ్ళ బొమ్మలకోసం జనం అంతగా కలవరపడ్డారంటే, వాస్తువు ఒక జాతికి తన ముఖాన్ని తాను చూసుకొనే అద్దమని తేటపడుతున్నది. ఆంధ్రప్రదేశ్ ముద్రలోని పూర్ణఘటం కూడ అమరావతి స్తూపశిల్పంనుండి వచ్చినదే. బౌద్ధం ఆచరణలో సన్నగిల్లిన నేలపై బౌద్ధశిల్పం రాజ్యచిహ్నమైంది.

గాయమూ మాన్పూ రెండింటినీ ఒకే కథలో దాచుకొన్న కళ మనకు ఉన్నది. అది భద్రాచల రామదాసు కీర్తన. పాల్వంచ పరగణా తహసీలుదారైన కంచెర్ల గోపన్న ప్రభుత్వధనంతో రామాలయం కట్టించి, తానాషా చెరలో పన్నెండేండ్లు మగ్గాడని సంప్రదాయం. చేయించిన నగల లెక్కలను స్వామికే అప్పజెప్పి నిలదీసిన ఆయన కీర్తనలో వరహా, మొహరీ రెండూ పక్కపక్కనే వినవస్తాయి. ఒకటి మన నాణెం, ఒకటి పారసీక నామం మోసిన నాణెం. రామునిపై అలిగిన భక్తుని భాషలో కూడ గోలకొండ ఖజానా లెక్కలున్నాయి.

కథ ముగింపు ఇంకా విశేషమైనది. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి పైకం చెల్లించి రసీదు తీసుకొన్నారని జనశ్రుతి. ఆ దర్శనం ఎవరికి కలిగింది? చెరలోని భక్తునికి కలుగలేదు. చెరపెట్టిన తానాషాకు కలిగింది. ఈ కథ చారిత్రకంగా ఎంత నిజమన్నది నా ప్రశ్న కాదు. తరతరాలుగా దీనిని పాడుకొన్న జనం, హరికథగా చెప్పించుకొన్న జనం ఏమి కోరుకొన్నారన్నది నా ప్రశ్న. వారు బందిఖానాను దాచలేదు. గోలకొండ కోటకు వెళ్ళిన ప్రతివారికీ ఆ గదిని, దాని గోడలపై చెక్కిన దేవతామూర్తులను నేటికీ చూపుతారు. అదే సమయంలో బంధించినవానిని దర్శనానికి దూరం చేయలేదు. ఏటా శ్రీరామనవమినాడు భద్రాద్రి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారాన్ని సంప్రదాయం తానాషాతోనే ముడిపెట్టింది. కూచిపూడి గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినవాడు కూడ అతడేనని ఆ కళాకారుల కుటుంబాలలో వాడుక. చివరకు 1687లో గోలకొండ ఔరంగజేబు వశం కాగా, తానాషా తానే దౌలతాబాదు కోటలో బందీగా జీవితశేషం గడిపాడు. చెర, ముత్యం రెండూ ఒకే పేరుకు తగులుకొని ఉన్న ఈ కథను మన జనం ఎన్నడూ రెండు ముక్కలు చేయలేదు. సమన్వయమంటే మరపు అని భ్రమపడేవారు రామదాసు చరిత్రను మరొకసారి వినాలి. ఈ కథలో సమన్వయం జ్ఞాపకంపైనే నిలిచింది.

కళకూ వాస్తువుకూ ఈ శక్తి ఉన్నదని చెప్పి ఊరుకొంటే మరొక భ్రమకు తావిచ్చినవాడనవుతాను. విద్య సహకరించనిచోట అందమైన కట్టడం ఏమీ చేయలేదు. ఇందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రబలమైన ఉదాహరణ. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన. అందులో భారతీయ దేవాలయ స్తంభం, ఇస్లామీయ కమాను ఒకే ముఖద్వారంలో అందంగా అమరాయి. రాతిలో సమన్వయం సిద్ధించింది. తరగతిలో సిద్ధించిందా? దేశభాషలో ఉన్నతవిద్య అనే గొప్ప ప్రయోగంగా 1918లో మొదలైన ఆ సంస్థలో బోధనభాష ఉర్దూ. సంస్థానంలోని అధికసంఖ్యాకుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. ఆ భవనానికి ఇంకా మెరుగులు దిద్దుతుండగానే, 1938లో, వందేమాతరం పాడినందుకు విద్యార్థులు అనేకులు బహిష్కృతులై నాగపూరు వెళ్ళి చదువు సాగించవలసి వచ్చింది. స్తంభమూ కమానూ కలిసిన ద్వారంలోనుండే వారు వెలుపలికి నడిచారని అనవచ్చు. 1948 తరువాత ఆ ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. అప్పుడూ తెలుగు రాలేదు. ఒక దేశభాషకు జరిగిన అన్యాయం మరొక దేశభాషను తొలగించడంతో సరిపోలేదు.

ఇదే కాలంలో ఇదే నగరంలో జరిగిన మరొక విద్యాకార్యం మనకు ఆదర్శం కాదగింది. తెలంగాణంలో కవులే లేరన్న మాట ఒకటి వెలువడినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి దానికి జవాబుగా 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. నిందకు నింద బదులియ్యలేదు, లెక్క చూపించారు. ఆ సంచికకు గోలకొండ పేరు పెట్టడంలోనే ఒక దృష్టి ఉంది. సంస్కృతం, ఉర్దూ, పారసీకం ఎరిగిన ఆ పండితునికి గోలకొండ పరాయిది కాలేదు. అంతకుముందే, 1901లో, నిజాం రాజధానిలో తెలుగువారు గ్రంథాలయం స్థాపించుకొని దానికి శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టారు. ఒకరికి గోలకొండ తమది, ఒకరికి విజయనగరం తమది, అందరికీ రెండూ తమవి. ఆనాటి వారి సంస్కృతిభావన అది.

దీనికి ఎదురుగా మన కళ్ళముందు జరిగిన దానిని కూడ పెట్టి చూడాలి. 1980లలో హైదరాబాదు టాంక్‌బండుపై తెలుగు వెలుగుల విగ్రహాలు నెలకొల్పారు. అందులో తమ ప్రాంతపు వారికి తగిన చోటు దక్కలేదన్న వేదన తెలంగాణంలో మిగిలింది. 2011 మార్చి 10న జరిగిన మిలియన్ మార్చ్ సందర్భంలో వాటిలో కొన్ని విగ్రహాలు కూలిపోయాయి. తరువాత మళ్ళీ ప్రతిష్ఠించారు. కవి విగ్రహం నేలకొరగడం చూసి బాధపడని సాహిత్యోపాధ్యాయుడుండడు. కాని ఆ బాధతోపాటు ఒక ప్రశ్న కూడ వేసుకోవాలి. 1934లో కవుల సంచికగా వెలువడగలిగిన వేదన, 2011నాటికి సుత్తి పట్టవలసిన స్థితికి ఎందుకు చేరింది? నడుమ గడిచిన డెబ్బదియేడు సంవత్సరాలలో మన పాఠ్యగ్రంథాలు ఆ 354 మందిలో ఎందరికి చోటిచ్చాయి? పాఠంలో చోటు లేనివాడు వీథిలో చోటు అడుగుతాడు. విగ్రహాల వరుస ఎంత పొడవైనా అది పాఠ్యప్రణాళికకు ప్రత్యామ్నాయం కాజాలదు.

నా వాదనకు రెండు ఆక్షేపణలు రాగలవు. గోలకొండ ప్రభువుల కావ్యపోషణ కేవలం రాజనీతి, దానిని సౌహార్దంగా భావించరాదని కొందరంటారు. రాజనీతియే, కాదనను. విజయనగర సభలోని కుల్లాయి కూడ రాజనీతియే. అయితే పాలితుల భాషలో కావ్యం రాయించుకొని వారి పురాణకథను అంకితం పుచ్చుకొంటేనే తన పాలన నిలుస్తుందని ఒక ప్రభువు భావించాడంటే, ఆ భాషకు ఎంత గౌరవం ఉండి ఉండాలి! పైగా రాజనీతి ఆ తరంతో గతించింది. కావ్యం మిగిలింది. మిగిలినదానిని చదువుకొనే హక్కు మనది.

రెండవ ఆక్షేపణ, పాత గాయాలను తరగతిలో విప్పితే వైషమ్యం పెరుగుతుందని. ఇది కొంత ఆలోచింపదగినదే. బాధ్యతలేని నోట గాయం మాట ఆయుధమవుతుంది. కాని ఉపాధ్యాయుడు చెప్పకపోతే విద్యార్థి వినకుండా ఉంటాడా? వింటాడు. కోపంగా ఉన్న నోటినుండి, సగం కత్తిరించిన కథగా వింటాడు. 1323నూ 1565నూ కాలక్రమంలో, కారణాలతో, ముందువెనుకలతో చెప్పగలవారు మనం తప్ప ఇంకెవరున్నారు?

కనుక ప్రాచ్యకళాశాలల పెద్దలకు కొన్ని మనవులు చేస్తున్నాను. కావ్యపాఠంలో అవతారికను వదలిపెట్టే అలవాటు మానాలి. కృతిపతి వంశవర్ణన, ఆశ్వాసాంత సంబోధనలు పరీక్షకు రావని మనం దాటవేస్తున్నాము, కాని ఆ కావ్యం ఎవరి ఇంట పుట్టిందో చెప్పేవి అవే. పరీక్షలో రాని పాఠాన్ని విద్యార్థి చదువడు గనుక ప్రశ్నపత్రంలో వాటికి చోటివ్వాలి. తరువాతది భాషాపాఠం. తత్సమ తద్భవ దేశ్యాలతోపాటు అన్యదేశ్యాలను ఒక జాబితాగా ముగించక, పారసీక అరబీ పదాలు తెలుగులోకి వచ్చిన దారిని, వచ్చిన తరువాత మారిన అర్థాలను ప్రత్యేకపాఠంగా చెప్పాలి. కాగితం, జవాబు, ఖైదు, ఫిర్యాదు వంటివి సరే. తగవులాడిన ఇద్దరు మళ్ళీ కలిస్తే పల్లెలో ఏమంటారు? 'రాజీ' పడ్డారంటారు. ఆ మాట కూడ అరబీనుండి పారసీకం మీదుగా వచ్చినదే. మూడవది, ఏటా విద్యార్థులను వెంటబెట్టుకొని ఓరుగల్లు, గోలకొండ, హంపీ, అమరావతి చూపించాలి. దేవాలయదర్శనంతో సరిపెట్టక పటాన్‌చెరును, కుతుబ్‌షాహీ సమాధులను కూడ ఆ ప్రయాణంలో చేర్చాలి. చివరిది, రెండు రాష్ట్రాల కళాశాలలూ ఒకరి ప్రాంతకవిని మరొకరు తప్పనిసరిగా పఠించే విధంగా పాఠ్యప్రణాళికలు సరిచూసుకోవాలి. రాష్ట్రాలు వేరైనంతమాత్రాన పోతన ఒకరికి, తిక్కన ఒకరికి దక్కే పంపకం మంచిది కాదు.

ఇవి కొత్త కోరికలేమీ కావు. మద్రాసు విశ్వవిద్యాలయం ఒకనాడు నిర్వహించిన ప్రాచ్యవిద్యా పరీక్షలను మన పాతతరంవారు ఎరుగుదురు. సంస్కృతానికి శిరోమణి, ద్రావిడభాషలకు విద్వాన్, అరబీకి అఫ్జలుల్ ఉలమా, పారసీకానికి మున్షీ ఫాజిల్. నాలుగూ ఒకే గొడుగు కింద 'ప్రాచ్య' పట్టాలే. మన కళాశాలల నామఫలకాలపై ఉన్న ఆ 'ప్రాచ్య' శబ్దంలో మొదటినుండీ నలుగురికీ చోటున్నది. ఆ శబ్దాన్ని ఇద్దరికి కుదించినవారము మనమే.

వెనుక బల్లపై కూర్చున్న ఆ విద్యార్థికి నేను ఆనాడు ఇయ్యవలసిన సమాధానం ఇప్పుడు చెప్పుతాను. నాయనా, తెలుగు అమీన్‌ఖాన్‌కు కూడ తెలుగే గనుక తెలగనార్యుడు ఆయనకు అంకితమిచ్చాడు. నీకు అది వింతగా తోచిందంటే మేము నీకు సూత్రంలో సగమే చెప్పాము. మిగిలిన సగం పేరు సమవాయం.